కారులో పాట ఎక్కడి నుంచి వినిపించాలి?

కాంపొనెంట్ స్పీకర్ల సెట్‌లో మూడు భాగాలు ఉంటాయి: కింది, మధ్య ధ్వనులకు వూఫర్, పై ధ్వనులకు ట్వీటర్, ఏ ధ్వని ఎటు పోవాలో విడదీసే క్రాసోవర్. మామూలు కోయాక్సియల్ స్పీకర్లో ట్వీటర్ వూఫర్ మధ్యలోనే ఉంటుంది. కాంపొనెంట్‌లో రెండూ వేరు కాబట్టి వాటి చోటు నిర్ణయించాల్సింది కారు యజమానే. పెట్టిన డబ్బు ఫలించేదీ, వృథా అయ్యేదీ ఆ నిర్ణయం దగ్గరే.

చెవి చెప్పే లెక్క

గాయకుడి గొంతు ఎదురుగా, డాష్‌బోర్డు ఎత్తులో, మధ్యలో వినిపించాలి. వయొలిన్ ఒక పక్క, మృదంగం మరో పక్క తేలాలి. మన కార్లలో డ్రైవరు కూర్చునేది కుడివైపు. కుడి ట్వీటర్ 80 సెంటీమీటర్ల దూరంలో, ఎడమది 125 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయనుకుందాం. ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. అంటే ఎడమవైపు ధ్వని 1.3 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. కొద్ది మిల్లీసెకన్ల తేడాతో ఒకే ధ్వని రెండు వైపుల నుంచి వస్తే, చెవి ముందు వచ్చిన దిక్కునే నమ్ముతుందని హెల్ముట్ హాస్ 1949లో వివరించారు. పాటంతా కుడి తలుపుకు అతుక్కుపోయినట్టు అనిపించేది అందుకే.

ట్వీటర్ చోటు

సైడ్ మిర్రర్ పక్కనుండే త్రికోణపు ముక్క, డాష్‌బోర్డు మూలలు, ముందు అద్దానికి పక్కనుండే స్తంభం (ఏ-పిల్లర్), తలుపు పైభాగం... ట్వీటర్‌కు ఇవే అనువైన చోట్లు. ఎత్తులో పెడితే పాట పైకి లేస్తుంది. అయితే వూఫర్‌కు మరీ దూరమైతే చిక్కే. రెండూ పని పంచుకునే 3,000 హెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు సుమారు 11 సెంటీమీటర్లే. రెండింటి మధ్య రెండడుగుల ఎడం ఉంటే, అవి కలిసే చోట ధ్వనులు ఒకదాన్నొకటి దెబ్బతీస్తాయి. గొంతు మోకాళ్ల దగ్గర, అందులోని ‘స’కారాలు కళ్ల ముందు వినిపిస్తాయి.

ముందు అద్దానికి ఎదురుగా తిప్పిన ట్వీటర్ శబ్దం ప్రతిఫలించి చెవికి గరుకుగా తగులుతుంది. కాబట్టి రంధ్రం చేయకముందే ట్వీటర్లను డబుల్ టేపుతో తాత్కాలికంగా అంటించి, ఒకే గొంతు ఉన్న పాటను రకరకాల కోణాల్లో వినాలి. గొంతు మధ్యలో నిలిచిన కోణానికి గుర్తు పెట్టుకోవాలి.

కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లలో ఏ-పిల్లర్‌ను ముట్టుకోకూడదు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే దారిలో ట్వీటర్ ఉంటే ప్రాణాలకే ముప్పు.

తలుపులో వూఫర్

వూఫర్‌కు తలుపు కింది భాగమే సహజమైన చోటు. కిటికీ అద్దాన్ని పూర్తిగా దించి, రేకు నుంచి అద్దం దాకా ఉన్న లోతు కొలిచాకే స్పీకరు కొనాలి. లోతు చాలకపోతే స్పేసర్ రింగు వేయాలి.

వూఫర్ ముందు, వెనుక నుంచి వచ్చే తరంగాలు పరస్పర విరుద్ధం. తలుపు లోపలి రేకులోని పెద్ద రంధ్రాల గుండా అవి కలిస్తే బేస్ చచ్చిపోతుంది. రంధ్రాలు మూసి, రేకుకు బ్యూటైల్ డ్యాంపింగ్ షీట్లు అతికిస్తే అదే స్పీకరు గట్టిగా పలుకుతుంది. తలుపు అడుగున వాన నీరు పోయే రంధ్రాలు మాత్రం మూయకూడదు.

చివరి సర్దుబాట్లు

క్రాసోవర్‌ను తడి తగిలే తలుపులో కాక, డాష్‌బోర్డు కింద పొడి చోట బిగించాలి. ఒక వూఫర్‌కు ప్లస్, మైనస్ తీగలు తారుమారైతే బేస్ పలచబడుతుంది. యాంప్లిఫయర్ పెడితే పవర్ తీగకు బ్యాటరీ దగ్గరే ఫ్యూజ్ ఉండాలి.

దూరాల తేడాను డిజిటల్ సిగ్నల్ ప్రాసెసర్ (డీఎస్పీ) సరిదిద్దగలదు. దగ్గరి స్పీకరును కాస్త ఆలస్యంగా పలికిస్తుంది. అయితే ఆ సవరణ ఒక్క సీటుకే. అందరికీ బాగా వినిపించాలంటే రెండు వైపుల దూరాల తేడా తగ్గే చోట్లే ఎంచుకోవాలి.