ఆకు అరిగించేది ఎవరు?

గేదె గడ్డి మేస్తుంది. పాలిస్తుంది. అదే గడ్డి మనం తింటే అరుగుతుందా? అరగదు. నిజానికి గేదెకు కూడా తనంతట తాను గడ్డిలోని పీచును అరిగించుకునే శక్తి లేదు. దాని కడుపులో ఉండే బాక్టీరియా ఆ పని చేస్తాయి. ఇవి కంటికి కనిపించనంత చిన్న జీవులు. కోట్లకు కోట్లు ఉంటాయి. బాక్టీరియా అంటే రోగాలు తెచ్చేవనే మనం విన్నాం. అన్నీ అట్లాంటివి కావు.

అడవి జంతువులకూ ఇంతే. వియత్నాం దేశంలో డూక్ అనే కోతి ఉంది. మన కొండముచ్చుకు చుట్టం. మోకాళ్ల కింద మేజోళ్లు తొడిగినట్టు ఎర్రగా ఉంటుంది. చెట్ల మీదే ఉంటూ ఆకులు తింటుంది. దాని కడుపు కూడా గేదె కడుపులాగా అరలు అరలుగా ఉంటుంది. ఆ అరల్లోనే బాక్టీరియా ఆకును అరిగిస్తాయి.

ఈ కోతిని జూలో పెంచడం చాలా కష్టం. దానికి తరచూ కడుపు జబ్బులు వస్తాయి. ఎందుకని? శాస్త్రజ్ఞులు కోతుల మలం తెచ్చి పరీక్ష చేశారు. అసహ్యం అనుకోకండి. కోతిని కొయ్యకుండా దాని కడుపు సంగతి తెలుసుకోవాలంటే అదే సులువైన దారి. ఆ వివరాలు 2016లో అచ్చయ్యాయి. అడవి కోతుల్లో ఉన్న బాక్టీరియా రకాలు చాలావరకు జూ కోతుల్లో లేవు. వాటి బదులు మనుషుల కడుపులో ఉండే రకాలు చేరాయి! వియత్నాంలోనే ఒక సంరక్షణ కేంద్రంలో పెరిగే కోతులేమో ఈ రెండింటికీ మధ్యలో ఉన్నాయి.

కారణం చాలావరకు తిండే. అడవిలో రకరకాల ఆకులు దొరుకుతాయి. జూలో ఆకు రకాలు తక్కువ, పీచు తక్కువ. పీచు మీద బతికే బాక్టీరియాకు మేత లేకపోతే అవి చస్తాయి.

ఇప్పుడు మన కొట్టం సంగతి చూద్దాం. పాడి చూసుకునేది మనమే కదా. పెళ్లిలో అన్నం మిగిలింది. పారెయ్యడం ఎందుకని గంపెడు తెచ్చి గేదెకు పెడతాం. అది దాని ప్రాణం మీదికి వస్తుంది. అన్నం కడుపులో తొందరగా పులుస్తుంది. పులుపు పుట్టించే బాక్టీరియా ఒక్కసారిగా పెరుగుతాయి. గడ్డి అరిగించేవి ఆ పులుపుకు చస్తాయి. గేదె నెమరు వేయదు. పారుకుంటుంది. పడిపోతుంది. ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోవచ్చు కూడా.

అందుకే దాణా మార్చాల్సి వచ్చినా ఒక్కరోజులో మార్చకూడదు. రోజుకు కొంచెం కొంచెం కలుపుతూ పోవాలి. ఎప్పుడైనా పొరపాటున గేదె అన్నం ఎక్కువ తింటే వెంటనే పశువుల డాక్టరును పిలవాలి. డాక్టర్లు మందులిచ్చి, ఒక్కోసారి ఆరోగ్యంగా ఉన్న పశువు కడుపులోని రసం తీసి జబ్బు గేదెకు తాగిస్తారు. ఆ రసంతో గడ్డి అరిగించే బాక్టీరియా మళ్లీ లోపలికి వెళతాయి. అవి నిలదొక్కుకుంటే గేదె నెమరు మొదలుపెడుతుంది.