వార్తల్లో పదం: ఈసీ50

డాఫ్నియా మంచినీటిలో బతికే, రొయ్యలకు బంధువైన చిన్న ప్రాణి. డాఫ్నియా పరీక్షలో, 48 గంటల్లో సగం ప్రాణులు కదలిక కోల్పోయేంత రసాయన గాఢతే ఈసీ50. ఈ పరీక్షకు ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ ఇచ్చిన 202వ మార్గదర్శక పద్ధతిలో పుట్టి 24 గంటలు దాటని పిల్లలనే వాడతారు. పాత్రను మెల్లగా కదిపాక 15 సెకన్లలో ఈదకపోతే కదలిక పోయినట్టే లెక్క.

పెద్ద చిక్కు నీటిలో సరిగా కరగని రసాయనాలతో. నూనెలాంటిది పైన తెట్టు కడుతుంది. ఆవగింజంతైనా లేని పిల్ల అందులో అతుక్కుని ఒరిగిపోతుంది. అది విషం పనా, జిడ్డు పనా? అందుకే నూనె మిశ్రమాలను నీటితో చాలాసేపు కలియబెట్టి, తేరనిచ్చి, తెట్టు తగలకుండా కింది నీటినే తీస్తారు. వేసిన మోతాదు చెబితే చాలదు, కరిగినదాన్ని కొలవాలి. లీటరుకు 100 మిల్లీగ్రాములు వేస్తే కరిగింది ఒక్క మిల్లీగ్రామే అయినప్పుడు, ‘వందకూ హాని లేదు’ అన్న మాటను నేను ఒప్పుకోను.