ఏరువాకకు ముందు నలువది దినములు

ఉగాదినాడు పంచాంగ శ్రవణము చేయు సిద్ధాంతిగారు ఆ సంవత్సరమునకు రాజెవరో, మంత్రి యెవరో, సస్యాధిపతి, మేఘాధిపతి యెవరో చదివి వినిపింతురు. ఊరి చెరువులో పూడిక తీయించుటకు అధిపతి యెవరో మాత్రము ఏ పంచాంగమునందును వ్రాసి యుండదు. ఆ యధికారమును ఊరివారు తమలో నొకరికి ఇచ్చుకొనవలసినదే. సహకార సంఘమున్న గ్రామములో ఆ భారమును సంఘ పాలకవర్గమే వహింపవలయునని నా యభిప్రాయము.

జ్యేష్ఠ పూర్ణిమనాడు ఏరువాక సాగుదుము. ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, పొంగలి నివేదించి, తొలి చాలు దున్నుట మన పూర్వాచారము. ఐనను ఆ సంవత్సరపు పంట మంచిచెడ్డలలో సగము అంతకు ముందే, ఎండలు మండు నలువది దినములలోనే, తేలిపోవును. చెరువు ఎండియుండునది అప్పుడే. మనుష్యులకు తీరిక దొరకునది అప్పుడే. విత్తనము చెడినదని తెలిసినచో వేరొకటి తెచ్చుకొనుటకు వ్యవధి యుండునదియు అప్పుడే.

చెరువు అడుగున చేరిన ఒండ్రు మన పొలములనుండి కొట్టుకొనిపోయిన సన్నని మన్నే గనుక, దానిని మరల తోలుకొనుట మన సొమ్మును మనము తిరిగి తెచ్చుకొనుట వంటిది. ఇసుకపాలు హెచ్చుగానున్న చల్కలలో ఇది తేమను పట్టి యుంచును. నల్లరేగడికి దీని యక్కర అంతగా లేదు. తెల్లగా ఉప్పు పేరిన మన్నును తోలరాదు. కట్ట మొదట త్రవ్వరాదు. పూడిక క్రింద గట్టినేల తగులగానే ఆపవలయును. దానిని గూడ తవ్వినచో చెరువులో నీరు నిలువక యింకిపోవును.

ఊరివారందరు కూడి చెరువు పని చేయు ఆచారమును చెన్నరాజధానిలో కుడిమరామత్తు అనెడివారు. అది సన్నగిల్లుచుండగా 1858లో నిర్బంధముగా పని చేయించుటకు చట్టము సహితము చేసిరి. శిక్షకు జడిసి తట్ట నెత్తువాడు కట్టకు ఏపాటి మేలు చేయునో పాఠకులే యూహింపవచ్చును. 2015లో తెలంగాణములో ఆరంభమైన మిషన్ కాకతీయలో పూడికను ప్రభుత్వము త్రవ్వించగా, రైతులు తమ ఖర్చుతో పొలములకు తోలుకొనిరి. ఎవరు త్రవ్వించినను, ఎవరి పొలమునకు ముందు అను తగవును తీర్చవలసినవారు ఊరివారే.

ఇందు నేను చేసిన తప్పొకటి చెప్పవలసియున్నది. కొన్నేండ్ల క్రిందట ఒక గ్రామమున వంతుల పట్టికను నేనే వ్రాసితిని. ట్రాక్టరులు గలవారు పనికి ఊతమిత్తురు గదా యని వారి పేళ్లను మొదట నుంచితిని. మొదటి వారములోనే వారి పొలములకు మన్ను చేరినది. పిదప ఎకరము, అరయెకరము గలవారి వంతు వచ్చునప్పటికి ట్రాక్టరులకు ఏవేవో పనులు తగిలినవి. తొమ్మిదవనాడు పని నిలిచిపోయినది. మరుసటి వేసవిలో పిలువగా పదిమందియైనను రాలేదు. అపుడొక వృద్ధురాలు, "అయ్యా, ఆ కాయితం కిందినించి చదవండి" అన్నది. అట్లే చదివితిమి. తమ వంతు చివర నున్నందున ట్రాక్టరుల వారు చివరిదాక నిలిచిరి. నాకు ఆ యుపాయము ఏ శిక్షణలోను చెప్పలేదు.

ఇక విత్తనము. నూరు గింజలను లెక్కించి, తడిపిన గోనెగుడ్డపై వరుసగా పేర్చి, చాపవలె చుట్టి నీడలో నుంచి, ఆరకుండ నీరు చిలుకరింపవలయును. వారము దినముల తరువాత విప్పి, ఆరోగ్యముగా మొలచిన వానిని లెక్కించునది. వరి 80, జొన్న 75, వేరుసెనగ 70కి తక్కువ మొలచినచో ఆ గింజను విత్తనమునకు వాడరాదు. ఈ పరీక్షను సంఘపు గోదాము వసారాలో అందరును కలిసి చేయుట మేలు. కాని ఎవరి గింజ చెడినదో అరచి చెప్పుట మేలు కాదు. అట్టి రైతు సిగ్గుపడి, ఆ గింజనే చల్లును. లేదా షావుకారు నొద్ద నాగునకు తెచ్చుకొనును. కార్యదర్శి అతనిని ప్రక్కకు పిలిచి, సంఘపు విత్తనము అప్పుగా నిచ్చి, పంటపై తిరిగి తీసికొనునట్లు వ్రాసికొనవలయును.

మృగశిర కార్తెలో తొలి జల్లు పడగానే తొందరపడి విత్తుట మరియొక చిక్కు. ఒకరు గొఱ్ఱు కట్టగా చూచి, పదిమంది కట్టుదురు. తరువాత పదునైదు దినములు వాన లేక మొలక మాడును. మెట్టపైరులకు సుమారు 60 మొదలు 75 మిల్లీమీటర్ల వాన కురిసి, నేల లోతుగా తడిసిన పిదపనే విత్తుదుమని సంఘములో ముందుగా అనుకొనుట మంచిది. పెద్దరైతులు ఆ మాట నిలుపుకొనిరేని తక్కినవారికి నిబ్బరము కలుగును.

కొన్ని యూళ్లలో ఏరువాకనాడు గోగునార తోరణము కట్టి, రైతులు చెర్నాకోలలతో కొట్టి, ఎవరికి దొరికిన పీచును వారు ఇంటికి కొనిపోవుదురు. ఆ వేడుకకు ఇంకను వ్యవధి యున్నది. వచ్చు సమావేశమునకు ప్రతి సభ్యుడును తాను విత్తదలచిన గింజలు గుప్పెడును, పాత గోనెగుడ్డ యొకటియు తేవలయును.