శాంతినగర్‌ను ఎక్కడ విరవాలి? సమాసంలో అతుకు, పలుకులో విరుపు

మహారాష్ట్రలో ఠాణే జిల్లాలోని భివండి మరమగ్గాల పట్టణం. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీలు తరతరాలుగా అక్కడికి వలసవెళ్ళి స్థిరపడ్డారు. శాంతినగర్, పద్మనగర్, కామత్‌ఘర్ ఆ ఊరి పేటల పేర్లు. మూడూ సమాసాలే. వీటిని తెలుగు లిపిలో రాయబోతే ఒక చిక్కు ఎదురవుతుంది. చూడడానికి అది చిన్నదే. కాని దాన్ని పట్టుకొని వెళితే, మన వ్యాకరణాలు ఒకచోట, ఛందోగ్రంథాలు మరొకచోట చెప్పిన సంగతులు కలుసుకొంటాయి.

ముందుగా రెండు మాటలను వేరుచేసుకొందాం. సమాసంలో పూర్వపదం ముగిసి ఉత్తరపదం మొదలయ్యే చోటును అతుకు అందాం. పలికేటప్పుడు ఒక అక్షరం ముగిసి మరొకటి మొదలయ్యే చోటును విరుపు అందాం. ఈ రెండూ ఎప్పుడూ ఒకేచోట పడతాయని చెప్పలేం. తెలుగులో మూడో సంగతి కూడా ఉంది. రాతలో అక్షరమంటే హల్లూ దాని వత్తూ గుణింతమూ కలిసిన ముద్ద. అది పలుకులోని అక్షరంతో సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు.

మగ్గం అన్న మాటనే చూడండి. రాతలో మ, గ్గం అని రెండు. పలుకులో మగ్, గం అని రెండు. లెక్క ఒకటే గాని విరుపు వేరు. మరమగ్గం అన్నప్పుడు మర, మగ్గం అనే పదాల అతుకు దగ్గర చిక్కేమీ లేదు. మర అచ్చుతో ముగిసింది, మగ్గం ఒంటి హల్లుతో మొదలైంది. అతుకూ విరుపూ ఒకేచోట పడ్డాయి. చేనేత కూడా అంతే. చేయి కాస్తా చే అయింది గాని ఆ తరువాతి గీత స్పష్టంగానే ఉంది.

కన్నీరు అలా కాదు. కన్ను, నీరు కలిసినప్పుడు పూర్వపదం చివరి అచ్చు పోయింది. పలుకులో కన్, నీ, రు అని విరుగుతుంది కనుక నోటికి అతుకు తెలుస్తూనే ఉంటుంది. రాతలో మాత్రం ఆ అతుకు న్నీ అనే ఒక్క ముద్ద నడుమకు పోయింది. పంక్తి చివర ఈ మాటను విరవవలసివస్తే అచ్చులో క ఒక పక్క, న్నీరు మరొక పక్క పడతాయి. కన్ను రెండు ముక్కలైనా మనకు పట్టింపు లేదు.

నార్వీజియన్ వారికి ఆ పట్టింపు ఉంది. ఆ భాషలో నామవాచకాలను ఎన్నింటినైనా గుచ్చి ఒకే పదంగా రాస్తారు. నడుమ ఖాళీ ఉండదు. బస్సు ఆగే చోటుకు వారు వాడే మాటలో పూర్వపదం రెండు సకారాలతో ముగుస్తుంది, ఉత్తరపదం మరో సకారంతో మొదలవుతుంది. మూడు ఒకే హల్లులు వరుసగా వస్తే రెండే రాయాలని నియమం. కాని పంక్తి చివర ఆ పదాన్ని విరిస్తే, పోయిన మూడో సకారం తిరిగి వస్తుంది. అంటే అతుకును రాతలో దాచినా, విరిచినప్పుడు బయటపెట్టి తీరాలి. అతుకు తెలియకపోతే అర్థమూ తప్పవచ్చు. బీల్ అంటే కారు, డేలెర్ అంటే భాగాలు. రెండూ కలిపి రాస్తే కారు విడిభాగాలు. అయితే బిల్డె అంటే బొమ్మ. తొందరలో చదివేవాడు అక్కడ విరిచి తికమకపడతాడు. గొర్రెపిల్ల తొడమాంసం అనే సమాసాన్ని రెండు పదాలుగా విడదీసి రాస్తే, చచ్చుబడిన తొడలు అని అర్థం వస్తుంది. నార్వే బడుల్లో ఈ ఉదాహరణ చెప్పి నవ్వించడం మామూలే.

మనవారు అతుకును పట్టించుకోలేదని కాదు. పట్టించుకొన్న చోటు వేరు. చిన్నయసూరి బాలవ్యాకరణంలోని గసడదవాదేశం ఒక విధంగా అతుకు గుర్తే. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. కూర, కాయ కలిస్తే కూరగాయ. ఉత్తరపదం తొలి హల్లు మెత్తబడి, ఇక్కడ రెండు పదాలున్నాయి, అయినా ఇది ఒకే మాట అని చెబుతుంది. నేతపనిలోని పడుగుపేకలు అన్న మాటలో మాత్రం వాడుకలో పకారం పకారంగానే నిలిచింది. రెండు నూళ్ళు విడివిడిగా ఉంటేనే నేత సాగుతుంది కాబట్టి కాబోలు అని చమత్కరించవచ్చు గాని, అది కారణం కాదు.

ఇంకా సూక్ష్మమైనది ఛందస్సులోని నియమం. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువని అందరికీ తెలుసు. ఆ సంయుక్తం తరువాతి పదం మొదట ఉంటే? సంస్కృత సమాసమైతే ముందున్నది గురువు. విడి పదాలైతే తెలుగులో లఘువే. జనస్థానం అన్నప్పుడు నకారం గురువు, మన స్థానం అన్నప్పుడు లఘువు. (నాసిక్ ప్రాంతమే రామాయణంలోని జనస్థానమని ప్రతీతి; భివండి మీదుగా పోయే ఆగ్రా రోడ్డు అక్కడికే వెళుతుంది.) మొదటి దాని పలుకు జ, నస్, థా, నం. అతుకు నకారం తరువాత ఉంది, విరుపు సకారం తరువాత పడింది. రెండోదానిలో సకారం వెనక్కి పోదు; అతుకూ విరుపూ ఒకటే. సమాసమా కాదా అన్నది అర్థానికి సంబంధించిన విషయమే అనుకొంటాం. అక్షరం బరువును నిర్ణయించేదీ అదే.

ఇప్పుడు భివండి పేర్లకు వద్దాం. దేవనాగరిలో కామత్‌ఘర్‌ను అయిదు పూర్తి అక్షరాలుగా, పొల్లు లేకుండా రాస్తారు. తకారం, చివరి రేఫ అచ్చు లేకుండా పలకాలని చదువరే గ్రహించాలి. ఘర్ అనే పదం తెలిసినవాడికి అతుకే దారి చూపుతుంది. తెలుగు లిపి పలికినదంతా రాయమంటుంది. అందుకే లోక్‌సభకు పొల్లు పెడతాం, రాజ్యసభకు పెట్టం. మరాఠీవారు రెంటికీ పెట్టరు. పొల్లు పెట్టి కలిపేస్తే కామత్ఘర్ అవుతుంది. తకారానికి ఘకారం వత్తుగా వేలాడే ఈ రూపం చదవడం కష్టం, అతుకూ పూర్తిగా మునిగిపోతుంది. అతుకు దగ్గర పొల్లును విడిగా నిలిపి కామత్‌ఘర్ అని రాయడమే మేలని మా అభిప్రాయం. పవర్‌లూమ్‌కూ ఇదే వర్తిస్తుంది. పవర్లూము అని రాస్తే పలుకు చెడదు గాని మాట కట్టుబడి కనబడదు.

శాంతినగర్, పద్మనగర్‌లకు నడుమ చిక్కు లేదు, చిక్కంతా చివర. మన దేశ్యపదాలు సాధారణంగా అచ్చుతోనో, మకార నకారాల వంటి కొద్ది హల్లులతోనో ముగుస్తాయి. అందుకే బస్ బస్సయింది, కార్ కారయింది. ఆ లెక్కన నగర్ నగరు కావాలి. పాతతరం నోట అలా వినిపించేదే. సంస్కృతం వైపు చూస్తే నగరం. కాని ఊరిపేరును ఊరు పిలిచినట్టే రాయడం మర్యాద. కరీంనగర్ నుంచి వెళ్ళినవారికి ఈ రూపం కొత్తదీ కాదు.

ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బయట దేవనాగరి చదివే పిల్లలకు ఇది పండితుల చర్చ కాదు. దేవనాగరిలో సంయుక్తాలు చాలావరకు ఎడమనుంచి కుడికి సాగుతాయి. తెలుగులో రెండో హల్లు కిందికి దిగుతుంది. పద్మశాలి అన్న తమ కులం పేరును వారు నోటితో పద్, మ, శా, లి అని విరుస్తారు. వాచకం ప, ద్మ, శా, లి అని విరవమంటుంది. ఈ రెండూ వేరని చెప్పకుండా రెండోదాన్నే రుద్దితే, తన నోరే తప్పనుకొంటాడు పిల్లవాడు. ముందు పద్మ, శాలి అని అతుకు దగ్గర విడదీయించి, తరువాత పలుకును, చివర రాతను చూపితే పని సులువవుతుంది.

కంప్యూటరు వచ్చాక మరో సంగతి తోడైంది. పొల్లు తరువాతి హల్లు వత్తుగా మారకుండా ఉండాలంటే నడుమ కంటికి కనబడని ఒక గుర్తును చేర్చాలి. కామత్‌ఘర్, కామత్ఘర్, కామత్ ఘర్ అనే మూడు రూపాలూ మనకు ఒకే పేట. కేవలం అక్షరాలను పోల్చి వెతికే యంత్రానికి మూడు వేర్వేరు మాటలు. చిరునామాల జాబితాలు తయారుచేసేవారు మొదటే ఒక రూపాన్ని ఎంచుకొని, దానికే కట్టుబడి ఉండాలి.