మధుమేహపు మందులు, బరువు తగ్గించే మందులు – పిత్తాశయ రక్షణ

మధుమేహానికి, స్థూలకాయానికి వాడే సెమాగ్లూటైడ్, లిరాగ్లూటైడ్ వంటి మందులు ఆకలిని తగ్గించి మేలు చేస్తాయి. అయితే వీటిని వాడేవారు పిత్తాశయాన్ని గమనించుకోవాలి.

కాలేయంలో తయారైన పైత్యరసం పిత్తాశయంలో నిలువ ఉంటుంది. మనం భోజనం చేసినప్పుడు పిత్తాశయం ముడుచుకొని ఆ రసాన్ని పేగులోనికి పంపుతుంది. ఈ మందులు ఆ ముడుచుకొనే చర్యను మందగింపజేయగలవు. పైగా బరువు వేగంగా తగ్గినప్పుడు పైత్యరసంలో కొలెస్టరాల్ పెరుగుతుంది. కదలక నిలిచిన రసంలో అది గట్టిపడి రాళ్లవుతుంది.

2022లో 76 పరీక్షల ఫలితాలను క్రోడీకరించిన పరిశోధన ప్రకారం, ఇవి వాడే 10,000 మందిలో ఏడాదికి సుమారు 27 మందికి అదనంగా పిత్తాశయ, పిత్తనాళ వ్యాధులు కలిగాయి. ముప్పు స్వల్పమే, కాని మోతాదు, వాడే కాలం పెరిగినకొద్దీ అదీ పెరుగుతుంది.

పాటించవలసినవి:
• పూర్వం పిత్తాశయంలో రాళ్లుంటే మందు ప్రారంభించక ముందే వైద్యునికి తెలపాలి.
• వైద్యుని సలహా లేక మోతాదు పెంచరాదు, పూటలు మానరాదు.
• కుడి డొక్క పైభాగాన నొప్పి పుట్టి వీపుకు, కుడి భుజానికి పాకితే గ్యాస్ నొప్పి అని ఉపేక్షింపరాదు. అల్ట్రాసౌండ్ పరీక్షలో రాళ్లు తెలుస్తాయి.
• నొప్పితో జ్వరం, ఆగని వాంతులు, కళ్లు పచ్చబడుట కనిపిస్తే వెంటనే బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రికో, సమీప ఆసుపత్రికో వెళ్లాలి. వాడుతున్న మందుల చీటీని వెంట తీసుకుపోవాలి.

భయపడి షుగరు మందులను సొంతంగా మానివేయడం కూడ ప్రమాదమే.