తల్లిని నిందింపకుఁడు

బిడ్డ యెదుగక, మాటిమాటికి వాంతులు చేసికొనుచు, పిలిచినఁ బలుకకున్నచో ఇరుగుపొరుగువారు తల్లినే నిందింతురు. ఆ నింద యెంత యన్యాయమో ఒక యరుదైన వ్యాధి తెలుపుచున్నది.

మన మూత్రపిండములలోని కొన్ని కణములయందు ఏతమువంటి సూక్ష్మయంత్రము కలదు. అది యామ్లమును తోడి మూత్రములోనికి వెడలించును. ఆ యంత్రము పెక్కు భాగముల కూర్పు. అందొక భాగమును నిర్మించు విధము రెండవ క్రోమోజోముపై నున్న ఏటీపీ6వీ1బీ1 అను జన్యువునందు లిఖితమై యున్నది. లోపలిచెవియందును ఈ యేతమే పనిచేయును.

ఈ జన్యువు చెడినచో రక్తమున నామ్లము నిలిచి యెముకలు బలహీనపడును. మూత్రపిండములలో సున్నము పేరుకొనును. పెక్కుమందికి చెవుడును గలుగును. ఈ సంబంధమును పరిశోధకులు 1999లో వెల్లడించిరి.

దోషము తల్లిదండ్రు లిరువురినుండియు వచ్చిననే యీ వ్యాధి గలుగును. తల్లి పాలెంతయో తండ్రి పాలంతియే! ఒక్క ప్రతి మాత్రమే చెడినవారు సాధారణముగా ఆరోగ్యవంతులే. అట్టి యిరువురు దంపతులైనచో ప్రతి కాన్పునను నాలుగింట నొక పాలు భయము. మేనరికములలో ఒకే పూర్వికుని దోషము రెండువైపులనుండి వచ్చుట కవకాశ మెక్కువ.

దీనికిచ్చు క్షారౌషధములలో మన వంటసోడాయు నొకటి. అట్లని మనమే కొలిచి పోయరాదు. వైద్యుఁడు చెప్పినట్లు వాడిన బిడ్డ యెదుగును. వినికిడి మాత్రము వానితో మరలిరాదు. కావునఁ జెవులను పసితనముననే పరీక్ష చేయించి, వలసిన సాధనము లమర్పవలయును. నిందకు వెచ్చించు కాలమును బిడ్డను వైద్యునికడకుఁ గొనిపోవుటకు వెచ్చింతము.