అచ్చులో వాయువు

హైదరాబాదునకు తూర్పున, విజయవాడ పోవు రహదారిపై బాటసింగారము గలదు. 2021వ సంవత్సరమున గడ్డిఅన్నారము పండ్ల మార్కెట్టు ఇచటికి తరలినది. పండ్లు మోయు ప్లాస్టిక్కు క్రేటును, వ్యాపారి కూర్చుండు ప్లాస్టిక్కు కుర్చీయు ఒకే విధానమున పుట్టినవి. అయినను క్రేటు గోడ పలుచన. కొన్ని కుర్చీల చేతులు మందము. ఆ మందమే చిక్కు తెచ్చును.

జంతికల గొట్టమును మీరెల్లరు ఎరుగుదురు. ప్లాస్టిక్కు వస్తువులు చేయు యంత్రము దానికి పెద్దన్న వంటిది. 1872లో అమెరికాలో హయత్ సోదరులు ఇట్టి యంత్రమునకు పేటెంటు పొందిరి. గింజలవంటి ప్లాస్టిక్కు 200 డిగ్రీలకు మించిన వేడిమికి కరగి, మర త్రోయగా ఉక్కు అచ్చులోనికి దూకును. చల్లారిన పిమ్మట అచ్చు తెరచి వస్తువును తీయుదురు.

ప్లాస్టిక్కు వేడిని త్వరగా విడువదు. అచ్చునంటిన పైపొర ముందుగా గట్టిపడును. నడిభాగము చాలసేపు మెత్తగనే యుండును. మందము రెట్టింపైనచో చల్లారు కాలము ఇంచుమించు నాలుగు రెట్లగును. ఆలస్యముగా చల్లారు నడిభాగము ముడుచుకొనుచు పైపొరను లోనికి లాగును. అందుచే పైన గుంట పడును. ఒక్కొక్కప్పుడు లోపల కంటబడని డొల్ల యేర్పడును. గుంట అందమునకు మాత్రమే లోటు. కాని, లోన డొల్లపడిన కుర్చీ చేతిపై బరువు మోపి లేవబోవు వృద్ధుని సంగతి ఊహింపుడు!

గారె నడుమ చిల్లి పెట్టుట ఎందులకు? నడిభాగము పచ్చిగా మిగులకుండుటకు గదా! ఇచట పని తలక్రిందులు. వేగుటకు గాక చల్లారుటకు చిల్లి కావలెను. అచ్చును కరగిన ప్లాస్టిక్కుతో పూర్తిగా నింపక, కొంత వెలితి యుంచి, వెంటనే నత్రజనిని గొప్ప ఒత్తిడితో లోనికి పంపుదురు. ఎదిరింపు తక్కువగనున్న త్రోవనే వాయువు వెదకికొనును; అది ఇంకను మెత్తగనున్న నడిభాగము. అచటి ముద్దను ముందునకు త్రోసి అచ్చు మూలలు నింపును. వెనుక సొరంగము మిగుల్చును. ప్లాస్టిక్కు గట్టిపడువరకు లోపలినుండి నొక్కియుంచును. కనుక గుంట పడదు, వంకర తిరుగుట తగ్గును, సరకును కాలమును ఆదా యగును.

డొల్ల దోషమని చెప్పి, మరల డొల్ల చేయుట ఏమందురా? మొదటిది ఎచటనో, ఎట్లో పుట్టును. ఇది చేతి పొడవునను నడిమిగా సాగి, చుట్టును గోడ నిలుపును. వెదురు బోలుగానున్నను బరువు మోయుట లేదా?

గాలినే ఏల పంపరాదు? గాలిలో సుమారు ఐదవవంతు ఆమ్లజని. అది ఉడుకు ప్లాస్టిక్కును మాడ్చగలదు. నత్రజని అట్టి జోలికి పోదు. పైగా గాలిలో నూటికి 78 పాళ్లు అదియే గనుక కొరత లేదు. 1978లో ఎర్నస్ట్ ఫ్రీడెరిష్ అను నాతడు ఇట్టి విధానమునకు అమెరికాలో పేటెంటు పొందెను.

పలుచని క్రేటునకు మాత్రము వాయువెందులకు? పట్టీలు వేసి బలము కూర్చుటయే మేలని నా తలంపు. వాయువు దారి తప్పి పలుచని గోడలో చొచ్చినచో, వ్రేళ్లవలె చీలి దానిని బలహీనపరచును. కావున దాని త్రోవను అచ్చులోనే ముందుగా నిర్ణయింపవలెను. ఇదియే అచ్చు గీయువాని నేర్పు. హైదరాబాదులోని బాలానగరమున 1968లో నెలకొన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ అచ్చుల రూపకల్పన విద్యను నేర్పుచున్నది.

యంత్రమునొద్ద నిలుచువాడు మరువరాని పని యొకటి గలదు. అచ్చు తెరచుటకు ముందే లోని వాయువును బయటికి విడువవలెను. లేనిచో ఆ ఒత్తిడికి వస్తువు ఉబ్బి పగులును.